ఉమ్మడి అత్త మొగుడి కాలు

నర్సింగ్ రెండో ఏడాదిలో మేం ఇరవై రెండు మందిమి. ఎవరికీ పెళ్లి కాలేదు, కానీ అందరికీ కలిపి ఒక అత్తగారు మాత్రం ఉండేది. ఆవిడకి ఉమ్మడి అత్త అని పేరు పెట్టింది మేమే. మొదట్లో చాటుగా అనుకునేవాళ్లం. ఒకరోజు వెనకనుంచి వచ్చి వినేసింది.

"అత్తనా? అయితే పొద్దున్నే లేచి నాకు టీ పెట్టి ఇవ్వరేమే? కోడళ్లు ఇరవై రెండు మంది, టీ మాత్రం నేనే పెట్టుకుని తాగి రావాలి!"

అప్పట్నుంచి బాహాటంగానే పిలిచాం. ఆవిడకి నచ్చిందనే నా అనుమానం.

కాగితాల ప్రకారం మమ్మల్ని వీధుల్లో తిప్పి ఆరోగ్యం నేర్పాల్సింది కాలేజీ మేడమ్. మేడమ్ చెడ్డది కాదు, పాపం. ఆవిడకి ఎండ పడదు, వాన పడదు, కుక్కలు అసలే పడవు. అందుకని ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర మమ్మల్ని అత్తకి అప్పగించి, సాయంత్రం నాలుగింటికి వచ్చి తలలు లెక్కపెట్టుకుని తీసుకుపోయేది. ఈ మధ్యలో మేం నేర్చుకున్నదంతా అత్త నేర్పిందే. పరీక్షలో మార్కులు మాత్రం మేడమ్ వేసేది. లోకం తీరే అంత.

అత్త చదివింది పదో తరగతి, అదీ రెండోసారికి గట్టెక్కింది. ఇరవై నాలుగేళ్లుగా ఆరోగ్య కార్యకర్త. నాలుగు వీధులు, మూడువందల పన్నెండు ఇళ్లు ఆవిడవి. ఏ ఇంట్లో ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, ఎవరు మాత్రలు మింగినట్టు నటించి పూలకుండీలో పడేస్తున్నారు, ఆ కుండీలో మొక్క ఎప్పుడు చచ్చింది, అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. అందరూ ఎదుటివాళ్ల మొహం చూసి మాట్లాడతారు, ఆవిడ కాళ్లు చూసి మాట్లాడేది. కొత్తవాళ్లు కిందేదైనా పడిందేమో అని వంగి వెతుక్కునేవాళ్లు. పాతవాళ్లు ఆవిడ గొడుగు వీధి మొగలో కనపడగానే కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకునేవాళ్లు.

"నోరు అబద్ధం చెప్తుందే. కాలికి అంత తెలివి లేదు" అనేది మాతో. "షుగరున్న మనిషి ఇంటికెళ్తే ముందు చెప్పు విప్పించు. సాక్సు లాగు. అరికాలు చూడు. వేళ్ల మధ్య చూడు. 'ఎలా ఉన్నారు బాబాయ్' అని ఆ తర్వాత అడుగు."

కాలి సాక్సు లాగడమంటే మాకు రోత. ఒకమ్మాయి ముక్కు మూసుకుంటే, "ఆ ముక్కు మూసుకోకే, వాసన కూడా రిపోర్టే" అని చెయ్యి పట్టి లాగేసింది.

పై ఆఫీసువాళ్లు ఏడాదికోసారి కార్యకర్తలకీ మాకూ కలిపి శిక్షణ పెట్టేవాళ్లు. ఆ ఏడాది చేతులు కడుక్కోవడం మీద. గోడకి పొడుగాటి బ్యానరు కట్టారు, ఏడు మెట్లున్న పటం వేలాడదీశారు, పెద్దాయన మైకు పట్టుకున్నాడు. కుళాయి తిప్పితే నీళ్లు లేవు. కార్యక్రమం ఆగకూడదు కాబట్టి అందరం గాల్లోనే చేతులు కడుక్కున్నాం, గాల్లోనే తుడుచుకున్నాం, ఫొటో దిగాం. అత్త నా చెవిలో, "వచ్చే ఏడు పోషకాహారం మీదట. భోజనం కూడా గాల్లోనే పెడతారు, ఇంట్లో తినేసి రండి" అంది. నేను నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. దగ్గుతున్నందుకు నన్ను బయటికి పంపించారు.

ఆ శిక్షణలోనే మాకొక పోస్టరు ఇచ్చారు. "వ్రణము పూర్తిగా ఉపశమించు వరకు ఔషధ సేవనమును విరమింపరాదు." దాన్ని మొదటి వీధిలో చదివి వినిపిస్తే ఒక తాత, "విరమణా? ఎవరు రిటైరయ్యారమ్మా?" అని అడిగాడు. అత్త పోస్టరు చుట్టి సంచిలో పెట్టేసి, తన మాట తను చెప్పింది. "పుండు మానేదాకా మందు మానకు తాతా." అంతే. తాతకి అర్థమైంది, తాత పక్కన కూర్చున్నావిడకీ అర్థమైంది. నాకూ అర్థమైందనే అనుకున్నాను.

ఇక ఆవిడ మొగుడు. మేం మావయ్య అనేవాళ్లం. దర్జీ. ముందుగది ఆయన కొట్టు, వెనక రెండు గదులు కాపురం. తొక్కుడు మిషను. కరెంటు మోటారు పెట్టించుకోమని ఎంతమంది చెప్పినా వినలేదు. మోటారు పెడితే గుడ్డ మాట వినదట, కాలికైతే వింటుందట. నిజంగానే ఆయన పాదం పెడల్ మీద ఆడుతుంటే చూడముచ్చటగా ఉండేది. ఆ నాలుగు వీధుల్లో స్కూలు చొక్కాలన్నీ ఆ కాలు కుట్టినవే. ఆ కాలు పోతే మిషను పోతుంది, మిషను పోతే ఆ ముందుగదిలో మావయ్య మిగలడని అందరికీ తెలుసు. ఇది ఆ ఎడమకాలి కథే.

ఆయనకి షుగరు పన్నెండేళ్లుగా ఉంది. కింద పడ్డ గుండుసూది ఒకటి బొటనవేలి కింద గుచ్చుకుంది. షుగరు మనిషి కాలికి స్పర్శ తగ్గుతుంది కదా, ఆయనకి తెలియనే లేదు. పుండయ్యాక అత్త కంట పడింది. లాక్కుపోయి డాక్టరుకి చూపించింది. మాత్రలు, రోజూ కట్టు మార్చడం, కాలు ఆనించకుండా ఉండటం. మొదటి వారం బుద్ధిగా ఉన్నాడు. తర్వాత స్కూళ్లు తెరిచే రోజులొచ్చాయి, కొట్టు నిండా నీలంగుడ్డ వచ్చి పడింది. కట్టు ఉంటే పెడల్ తెలియడం లేదని పేచీ మొదలెట్టాడు.

"నొప్పి లేదు కదే!"

"నొప్పి లేకపోవడమే నీ రోగం. ఏదీ, కాలిటు పెట్టు."

"పెట్టను. ముప్ఫై ఏళ్ల కాపురంలో నా మొహం ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశావా? వీధిలో నర్సమ్మవి, ఇంట్లో పెళ్లానివి. పెళ్లానికి నేను కాలు చూపించను."

ఆవిడ పుండు గురించి అడిగితే ఈయన బొత్తాల గురించి చెప్పేవాడు. వేలికేస్తే కాలికి, కాలికేస్తే వేలికి. చివరికి, "పెరటి చెట్టు మందుకు రాదంటారు చూడు, అది నువ్వే" అనేశాడు, మా ముందే. అత్త మొహం చిన్నబోయింది. మూడువందల పన్నెండు ఇళ్లలో మాట చెల్లుతుంది, మూడువందల పదమూడో ఇంట్లో చెల్లదు. ఇంకో కార్యకర్త కూడా అదే పట్టుకుని, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు వదినా" అని దెప్పింది.

అందుకని ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంట్లో అత్త కాలు మాట ఎత్తదు. దానికి బదులు వారం వారం ఎవరో ఒక నర్సింగ్ పిల్ల వచ్చి చూస్తుంది, రిజిస్టర్లో రాస్తుంది. మావయ్య ఒప్పుకున్నాడు. అత్త ఇరవై రెండు మందిలో ఏరి ఏరి నన్ను పంపింది. "దీనికి నోరెక్కువ, కానీ చూపుంది" అని మేడమ్‌తో చెప్పిందట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు మండుతాయి.

మొదటి వారం వెళ్లాను, సాక్సు లాగాను, చూశాను, "మానలేదు" అని రాశాను. రెండోసారి వెళ్లింది ఒప్పందమైన పన్నెండో రోజున. ఎండ మండిపోతోంది. ఇంకా ఏడిళ్లు ఉన్నాయి. మా రిజిస్టర్లో ఒక సుగుణం ఉంది. "మానినది" అని రాస్తే ఆ ఇల్లు జాబితాలోంచి పోతుంది, మళ్లీ వెళ్లక్కర్లేదు. "మానలేదు" అని రాస్తే ఇంకో కాగితం నింపాలి, ఇంకో నాలుగుసార్లు తిరగాలి. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

గుమ్మంలోంచే అరిచాను. "మావయ్యా, మానిందా?"

మిషను గడగడలాడుతోంది. ఆయన తలెత్తకుండా నవ్వుతూ, "ఎప్పుడో మాన..." అన్నాడు. మిగతాది మిషను మింగేసింది. ఎడమకాలికి తెల్లటి సాక్సు, పెడల్ మీద చక్కగా ఆడుతోంది. కాలు బాగుంటేనే కదా అలా ఆడుతుంది అనుకున్నాను. అనుకోవాలనిపించింది, అనుకున్నాను. ఆయన అన్న మాట "ఎప్పుడో మానేశా" అని తర్వాత తెలిసింది. పుండు మానలేదు. ఈయన కట్టు మానేశాడు, మాత్రలు మానేశాడు, అదేదో ఘనకార్యమైనట్టు నాకు చెప్పాడు కూడా. నేను మాటకి తల మాత్రం విని, తోక నా సౌకర్యం కొద్దీ అతికించుకున్నాను. "మానినది" అని రాశాను. మొత్తం మూడు నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులకి, పొద్దున ఎనిమిదింటికి, నేను ఆరోగ్య కేంద్రంలో చీటీలు రాసే బల్ల దగ్గర ఉన్నాను. అత్త వచ్చింది. గొడుగు లేదు, సంచి లేదు, కాళ్లకి రెండు రకాల చెప్పులు. వెనక ఇద్దరు మనుషులు మావయ్యని మోసుకొస్తున్నారు. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు కొట్టుకుంటున్నాయి. ఎడమకాలి నుంచి పౌడరు వాసన, దాని అడుగున ఇంకో వాసన. సాక్సు నిండా సువాసన పౌడరు పోసుకుని తిరిగాడట మహానుభావుడు, పెళ్లానికి తెలియకుండా.

"చలిజ్వరమేమో అనుకుని దుప్పటి కప్పుదామని వెళ్లాను" అంది అత్త, ఎవరితోనో తెలియకుండా. "దుప్పటి పొట్టిదైంది. కాలు బయటికి ఉంది."

పెద్దాసుపత్రికి పంపారు. అదేరోజు మధ్యాహ్నం బొటనవేలూ పక్క వేలూ తీసేశారు. డాక్టరు ఆపరేషను గదిలోంచి బయటికొచ్చి చెప్పాడు. "మూడో రోజు కట్టు విప్పి చూస్తాం. లోపల ఎర్రగా ఉంటే కాలు దక్కినట్టే. నలుపు పైకి పాకితే మాత్రం మోకాలి కింద తీసెయ్యాలి. నన్నేం అడక్కండి, మూడోరోజు చూద్దాం."

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. భయం ఒకటి, సిగ్గు ఒకటి. రెండోరోజు సాయంత్రం వరండాలో బల్ల మీద అత్త ఒక్కతే కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ 'మానినది' రాసింది నేను. కాలు చూడలేదు. గుమ్మంలోంచి అడిగి రాసేశాను."

"తెలుసు. కోడి గెలికినట్టుండే నీ రాత నాకు తెలీదా?"

"ఎప్పుడు తెలిసింది?"

"రాసిన రోజు సాయంత్రమే రిజిస్టరు చూశాను. షుగరు మనిషికి అరికాలి పుండు ఇంత తొందరగా మానడం ఈ ఇరవై నాలుగేళ్లలో నేనెక్కడా చూళ్లేదు. చూడగానే అనుమానం వచ్చింది."

"మరి..."

"మరేంటి మరి! మానిందని రాసుంది. మానితే బావుండునని నాకూ ఉంది. ఇంట్లో గొడవ తగ్గింది, ఆయన నాతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఇప్పుడెళ్లి సాక్సు లాగితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని నమ్మేశాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వా ఇంట్లో మూడు నిమిషాలున్నావు. నేను ఆ మనిషి పక్కన పద్దెనిమిది రాత్రులు పడుకున్నానే."

నేను ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు.

"నిన్ను తిట్టాలనే ఉంది. నాలుగు వీధులు వినేటట్టు తిట్టాలనుంది. మొదలెడితే అది తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుందని ఊరుకున్నాను. అలాగని నీ తప్పు చిన్నదైపోదు. అది నీ దగ్గరే ఉంచుకో, పోగొట్టుకోకు."

మూడోరోజు పొద్దున వార్డుకి వెళ్లాను. ఎనిమిది మంచాలు. మావయ్యది కిటికీ పక్కన. పదింటికి డాక్టరు వస్తాడు, ఆలోగా కట్టు విప్పి సిద్ధంగా ఉంచాలి. వార్డు సిస్టరు ఒక్కతీ ఎనిమిది మంచాల మధ్య పరుగులు పెడుతోంది. తనే విప్పుతానని అత్త ఆవిడ దగ్గర్నుంచి డ్రెస్సింగు బండి లాక్కుంది. వేరేవాళ్ల చేతిని నమ్మే మనిషి కాదు కదా. సబ్బుతో చేతులు కడుక్కుంది, నీళ్లతోనే. గ్లవ్సు తొడుక్కుంది. కత్తెర తీసుకుని కట్టు అంచు పట్టుకుంది.

కత్తెర మొన కట్టు మీద టకటకా కొట్టుకుంది. ఆవిడ చెయ్యి వణుకుతోంది. ఊపిరి పీల్చి మళ్లీ పట్టుకుంది. మళ్లీ అంతే. ఇరవై నాలుగేళ్లలో ఎన్ని వందల పుళ్లు కడిగిన చెయ్యో అది.

"ఏమే" అన్నాడు మావయ్య, గొంతు పీలగా ఉంది, అయినా వెటకారం మానలేదు. "ఇన్నాళ్లూ కాలివ్వు కాలివ్వు అని ప్రాణం తీశావు. తీరా ఇస్తే వణుకుతావేం?"

అత్త కత్తెర నా వైపు చాచింది.

"నువ్వు విప్పు."

"నేనా? అత్తా, నేను..."

"నువ్వే. నా చేతులు ఆడట్లేదు. ఏం కనపడితే అది చెప్పు. నాకు నచ్చేది చెప్పావంటే చేతులు విరగ్గొడతా."

గ్లవ్సు తీసేసి, మంచం తల వైపు వెళ్లి మావయ్య చెయ్యి పట్టుకుంది. మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు, పెచ్చులూడిన సున్నం తప్ప.

చేతులు కడుక్కుని, గ్లవ్సు తొడుక్కుని వచ్చి నేను విప్పడం మొదలుపెట్టాను. పై కట్టు వచ్చింది. దాని కింద దూది వచ్చింది. అడుగున గాజుగుడ్డ పుండుకి అంటుకుపోయి ఉంది. కొంచెం లాగాను.

"లాగకు" అంది అత్త, గోడనే చూస్తూ. "సెలైన్‌తో తడుపు. ఇంకా తడుపు. తొందరేం లేదు, ఎవరూ తరమట్లేదు నిన్ను."

తడిపాను. ఆగాను. మళ్లీ తడిపాను. గాజుగుడ్డ మెల్లగా ఊడి నా చేతిలోకి వచ్చింది. రెండు వేళ్లు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. చూశాను. ఎక్కడా తల తిప్పుకోకుండా, అంచు అంచూ చూశాను.

"ఎర్రగా ఉంది అత్తా. మధ్యలో అంతా ఎర్రగా ఉంది." అక్కడ ఆగిపోవచ్చు. ఆగిపోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. "ఒక అంచున, మూడో వేలి వైపు, నల్లగా ఉంది. చొక్కా బొత్తాం కాజా అంత ఉంది."

మావయ్య అత్త చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అత్త గోడ మీంచి చూపు తిప్పింది. చెయ్యి విడిపించుకుని కాలి వైపు వచ్చి, ముక్కు పుండుకి తగిలేంతగా వంగి చూసింది. కొత్త గ్లవ్సు తొడుక్కుంది. తడి గాజుగుడ్డ తీసుకుని ఆ నల్లటి చోట ఒక్కసారి అద్దింది. రెండోసారి అద్దింది. మూడోసారికి నలుపు గుడ్డకి వచ్చేసింది. కింద ఎర్రటి కండ, దాని మీద చిన్న రక్తపు చుక్క.

"ఎండిన రక్తమే" అంది. అలాగే నేల మీద కూలబడింది.

పదీ పదికి డాక్టరు వచ్చి చూశాడు. వేలితో నొక్కాడు, వాసన చూశాడు, చీటీ మీద ఏదో గీకాడు. "కాలు దక్కింది. రోజూ కట్టు మార్చాలి. నెలదాకా మిషను దగ్గరికి వెళ్తే మాత్రం నేనే వచ్చి తీసేస్తా" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు.

"ఎనిమిది వేళ్లతో కూడా కుట్టొచ్చు" అన్నాడు మావయ్య, పైకప్పుతో. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "రెండు చొక్కాలకి చేతులు పొట్టివి పెడితే సరి."

"నోర్ముయ్" అంది అత్త నేల మీంచే.

నేను కొత్త కట్టు కట్టాను. నాకు తెలిసినంతలో బాగానే కట్టాను. ఆవిడ లేచి చూసి, రెండు పొరలు విప్పించి మళ్లీ కట్టించింది. బిగువెక్కువైందంది, ముడి తప్పంది, మా మేడమ్‌ని కూడా కలిపి తిట్టింది. అన్నీ అయ్యాక బండి తోసుకుని నేను బయల్దేరుతుంటే, వెనకనుంచి పిలిచింది.

"రేపు కూడా నువ్వే విప్పు. ఏడున్నరకల్లా రా."